ఎవరూ యుద్ధంలో లేరు, దయచేసి కంగారు పడవద్దు

ప్రతిరోజూ ఉదయం ఆరున్నరకు మా పార్కులోని సిమెంటు బల్ల మీద మూడో ప్రపంచ యుద్ధం మొదలవుతుంది. ఏడుంబావు దాటితే ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోతాయి కనుక అప్పటికి ఉభయపక్షాలూ కాల్పులు విరమించి ఇళ్ళకు చేరుకుంటాయి. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్ మీదికి వెళ్ళిన నాటి నుంచి ఈ ఏర్పాటులో మార్పు లేదు. బల్ల మీద కూర్చునే నలుగురిలో ఒకరు పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. ఆయన ప్రశ్న కూడా మారలేదు. "ఏమండీ, మిగతా దేశాలు కూడా ఇందులోకి దిగుతాయంటారా?"

నేను అప్పుడప్పుడు వ్యాసాలు రాస్తుంటాను కనుక ఇలాంటి ప్రశ్నలకు నా దగ్గర సమాధానం ఉంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేయడం ఇష్టం లేక విషయాన్ని లోతుగా పరిశీలించాను. టీవీలో ఎర్రటి మంటల మధ్య క్షిపణులు గిరగిర తిరుగుతూ 'ఇక ప్రళయమేనా?' అని అక్షరాలు ఊగిపోయే చర్చలను పక్కనపెట్టి, ఆయా ప్రభుత్వాలు తమ గురించి తామే చెప్పుకున్న మాటలు చదివాను. చదివిన మీదట దేశప్రజలకు పూర్తి బాధ్యతతో ఒక హామీ ఇస్తున్నాను. ఏ పెద్ద దేశమూ ఈ యుద్ధంలోకి దిగదు. దిగాలంటే ముందు ఒడ్డున ఉండాలి.

ఒకసారి నేను మాటల్లో "అమెరికా ఈ యుద్ధంలోకి లాగబడుతుందా అన్నది..." అని మొదలుపెడితే మాస్టారు చేయి అడ్డం పెట్టారు. 'బడు' ధాతువు తెలుగుకు సహజం కాదట. 'రావణుడు రామునిచేత చంపబడెను' అని వ్యాకరణ పుస్తకంలో ఉంటుందే తప్ప, ఏ ఇంట్లోనూ 'అన్నం నాచేత తినబడింది' అని ఎవరూ అనరు. ముప్పై ఏళ్ళు పిల్లల నోటు పుస్తకాలలో ఎర్రసిరాతో ఆ 'బడు'లన్నీ కొట్టేశారట. అది నిజమే. కానీ పెద్ద దేశాల ప్రస్తావన రాగానే పత్రికలన్నీ, ప్రజలందరూ కర్మణి ప్రయోగంలోకి దిగుతారు. అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో ఈడ్వబడుతుంది. చైనా లాగబడుతుంది. వేల అణ్వస్త్రాలున్న దేశాన్ని కూడా సంతలో తప్పిపోయిన మేకపిల్లలా ఎవరో చెవి పట్టుకుని ఈడ్చుకుపోతారన్నట్టు మనం దిగులుపడతాం. ఇంత వాత్సల్యం మనం పక్కింటివారి మీద చూపించి ఉంటే బాగుండేది.

సరే, విషయానికి వస్తాను. మొదట ఈ యుద్ధం మొదలుపెట్టినవారి సంగతి. రష్యా యుద్ధం చేయడం లేదు. 'ప్రత్యేక సైనిక చర్య' చేస్తోంది. 2022 మార్చి 4న ఒక చట్టం కూడా తెచ్చారు. సైన్యం గురించి 'తప్పుడు సమాచారం' ప్రచారం చేస్తే పదిహేనేళ్ళ దాకా జైలు. యుద్ధాన్ని యుద్ధం అన్నవారు కోర్టుల చుట్టూ తిరిగారు, కొందరు జైళ్ళకు వెళ్ళారు. అదే ఏడాది డిసెంబరు 22న విలేకరులతో మాట్లాడుతూ పుతిన్ నోట ఆ నిషిద్ధ పదమే వచ్చింది. ఈ యుద్ధాన్ని ముగించడమే తమ లక్ష్యమన్నారు. సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక స్థానిక ప్రజాప్రతినిధి వెంటనే, చట్టం అందరికీ ఒకటే కనుక అధ్యక్షుడి మీద విచారణ జరపండని ఫిర్యాదు ఇచ్చారు. ఫలితం ఏమిటో పాఠకులు ఊహించుకోగలరు. నా వాదన ఒక్కటే. దండెత్తినవారే యుద్ధంలో లేనప్పుడు మిగతావారు ఎందులోకి దిగుతారు? జరగని పెళ్ళికి భోజనాలకు ఎవరు వస్తారు?

బెలారుస్‌ను చూడండి. దాని అధ్యక్షుడు లుకషెంకో తన నేలను రష్యా దాడికి ఇచ్చారు, అంతే. పందిరికి జాగా ఇచ్చినవాడు పెళ్ళికొడుకు కాడు.

ఇక అవతలి వైపు. యుద్ధానికి ముందు, 2022 జనవరి ఆఖరులో, జర్మనీ ఉక్రెయిన్‌కు 5,000 హెల్మెట్లు ప్రకటించింది. మేము మీ పక్కన ఉన్నామనడానికి ఇది స్పష్టమైన సంకేతమని రక్షణ మంత్రి చెప్పారు. ఒకప్పటి బాక్సింగ్ యోధుడు, ఉక్రెయిన్ రాజధాని కీవ్ మేయర్ విటాలి క్లిచ్‌కోకు కోపం వచ్చి, తరువాత ఏం పంపుతారు, దిండ్లా అని అడిగారు. ఆయన తొందరపడ్డారని నా అభిప్రాయం. దిండును మించిన బాధ్యతాయుతమైన ఆయుధం లేదు. దానిని పట్టుకుని ఎవరూ సరిహద్దు దాటలేరు. దాటినా ఎవరూ కోపగించుకోరు. దిండు దగ్గర ఆగి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. ఆగలేదు. సరిగ్గా ఏడాదికి, 2023 జనవరి 25న, అదే జర్మనీ 14 లెపర్డ్ ట్యాంకులు ప్రకటించింది. అదే రోజున అమెరికా 31 అబ్రామ్స్ ట్యాంకులు ప్రకటించింది.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. 2022 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్, అమెరికా పైలట్లతో, అమెరికా సిబ్బందితో విమానాలూ ట్యాంకులూ వెళితే దాని పేరు మూడో ప్రపంచ యుద్ధం అన్నారు. ఆయన మాట తప్పారని కొందరు అంటారు కానీ అది అన్యాయం. ట్యాంకులు వెళ్ళాయి, సిబ్బంది వెళ్ళలేదు. పెళ్ళికి వెళ్ళకుండా చదివింపులు మాత్రం పంపడం మనకు తెలియని మర్యాద కాదు. ఎఫ్-16 విమానాలు ఇస్తారా అని 2023 జనవరి 30న విలేకరులు అడిగితే ఆయన 'లేదు' అని ఒక్క ముక్కలో తేల్చారు. మే నెలలో ఆ విమానాల మీద శిక్షణకు సరేనన్నారు. 2024 ఆగస్టుకల్లా మిత్రదేశాలు ఇచ్చిన ఎఫ్-16లు ఉక్రెయిన్ ఆకాశంలో ఉన్నాయి. దూరం వెళ్ళే ఏటాకమ్స్ క్షిపణుల కథా ఇదే. మొదట ఇవ్వబోమన్నారు, 2023లో ఇచ్చారు. వాటిని రష్యా నేల మీదికి వేయకూడదన్నారు, 2024 నవంబరులో వేయవచ్చన్నారు. దీనిని బట్టి నేను ఒక పట్టిక తయారు చేసుకున్నాను. పెద్ద దేశాల పంచాంగంలో 'ఎన్నటికీ' అంటే సుమారు నాలుగు నెలలు, 'ససేమిరా' అంటే ఏడాదిన్నర. 'పరిశీలిస్తున్నాం' అంటే సరుకు ఓడ ఎక్కింది.

నన్ను అపార్థం చేసుకోవద్దు. ఇంటి మీద పడినవాడికీ, ఇల్లు కాపాడుకునేవాడికీ తేడా తెలియనంతటి తటస్థుడిని కాను నేను. ఉక్రెయిన్‌కు ఇచ్చినందుకు నాకేమీ అభ్యంతరం లేదు. ఇస్తున్న చేతిని వీపు వెనక దాచుకుని, ఎవరిదో ఆ చేయి అన్నట్టు ఆకాశం కేసి చూడడంలో ఉన్న నటన ముచ్చటగా ఉంది, అంతే.

ఆ నటనలో అప్పుడప్పుడు పద్యం తప్పిపోతుంది. 2023 జనవరిలో జర్మనీ విదేశాంగ మంత్రి అన్నలేనా బేర్‌బాక్ ఒక ఐరోపా సభలో మాట్లాడుతూ, మనం పోరాడుతున్నది రష్యాతో, మనలో మనం కాదు అనేశారు. ప్రభుత్వం హుటాహుటిన, జర్మనీ ఈ యుద్ధంలో భాగస్వామి కాదని వివరణ ఇచ్చింది. మరుసటి ఏడాది అంతకన్నా రసవత్తరమైన ఘట్టం. ఉక్రెయిన్‌కు దూరం వెళ్ళే టారస్ క్షిపణులు ఇస్తే తాము యుద్ధంలోకి దిగినట్టు అవుతుందని ఛాన్సలర్ షోల్జ్ ససేమిరా అంటుండగా, జర్మనీ వైమానిక దళ అధికారులు అవే క్షిపణుల వాడకం గురించి ఆన్‌లైన్‌లో సమావేశమై తర్జనభర్జన పడ్డారు. వారిలో ఒకరు సింగపూర్‌లోని హోటల్ గది నుంచి, భద్రత లేని లైను మీద మాట్లాడారు. ఆ సంభాషణ మొత్తం 2024 మార్చి 1న రష్యా ప్రభుత్వ మాధ్యమంలో వచ్చింది. మా అపార్టుమెంటు వాట్సాప్ గుంపులో కూడా ఇంతకంటే రహస్యం పాటిస్తాము.

ఇరాన్ సంగతి ఇంకా సున్నితం. రష్యా వదిలిన ఇరాన్ షాహెద్ డ్రోన్లు కీవ్ ఇళ్ళ మీద పడుతుంటే, మొదట రష్యాకు ఇవ్వనే లేదంది. 2022 నవంబరులో, ఇచ్చిన మాట నిజమే కానీ ఏవో కొన్ని, అదీ యుద్ధానికి కొన్ని నెలల ముందు అని సర్దుకుంది. ఉత్తర కొరియా మరో మెట్టు పైకెక్కింది. 2024 అక్టోబరులో తన సైనికులు రష్యాకు వెళ్ళారన్న వార్తలను నిరాధారమైన వదంతులని ఐక్యరాజ్యసమితిలో కొట్టిపారేసింది. అదే వారంలో, ఒకవేళ అటువంటిది జరిగి ఉంటే అది అంతర్జాతీయ చట్టానికి లోబడే ఉంటుందని చెప్పింది. నేను తినలేదు, తిని ఉంటే రుచిగానే ఉంటుంది అన్నమాట. చివరికి 2025 ఏప్రిల్‌లో, అవును, మా వాళ్ళు రష్యాలోని కుర్స్క్‌లో పోరాడారు, వారికి స్మారకం కడతాం అంది.

ఈ విద్యలో మనకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. సేననంతా ఒక పక్షానికి ఇచ్చేసి, ఆయుధం పట్టనని రెండో పక్షం రథం ఎక్కిన తటస్థుడిని మనం ఇంటింటా పూజిస్తాం. మేనల్లుళ్ళకు సాయంగా బయలుదేరి, దారిలో విందు ఎవరు పెడుతున్నారో కనుక్కోకుండా తృప్తిగా భోంచేసి, చేయి కడుక్కునే వేళకు అవతలి పక్షంలో తేలిన శల్యుడూ మనవాడే. భారతంలో నిజంగా ఒడ్డున ఉన్నది బలరాముడు. ఆయన తీర్థయాత్రలకు వెళ్ళిపోయాడు. ఇప్పటి పెద్ద దేశాలలో తీర్థయాత్రల మీద ఆసక్తి ఉన్నది ఒక్కటీ కనబడదు.

యూరప్‌లో మాత్రం ఈ శాస్త్రానికి ఒక స్వర్ణయుగం ఉంది. 1936 జులైలో స్పెయిన్‌లో ఫ్రాంకో తదితర సైనికాధికారులు గణతంత్ర ప్రభుత్వం మీద తిరగబడ్డారు. అప్పుడు కూడా యూరప్ అంతా మా మాస్టారి ప్రశ్నే అడిగింది. మిగతా దేశాలు దిగితే 1914 నాటి ప్రపంచ యుద్ధం మళ్ళీ వస్తుందేమో! దానికి విరుగుడుగా ఇరవై ఏడు దేశాలు 'మేము జోక్యం చేసుకోము' అని ఒప్పుకుని, లండన్‌లో ఏకంగా ఒక జోక్యరాహిత్య సంఘం పెట్టుకున్నాయి. సెప్టెంబరు 9న బ్రిటిష్ విదేశాంగ కార్యాలయంలో తొలి సమావేశం జరిగింది. జర్మనీ, ఇటలీ, సోవియట్ యూనియన్ అందులో గౌరవ సభ్యులు. అప్పటికే హిట్లర్ పంపిన విమానాలు ఫ్రాంకో సైనికులను మొరాకో నుంచి స్పెయిన్‌కు మోస్తున్నాయి. ముసోలినీ పంపిన 'స్వచ్ఛంద సైనికులు' యుద్ధం ముగిసేలోగా డెబ్బై వేలు దాటారు. వారు తమ ట్యాంకులనూ ఫిరంగులనూ కూడా స్వచ్ఛందంగానే వెంట తెచ్చుకున్నారు. సోవియట్ ట్యాంకులూ విమానాలూ గణతంత్రం వైపు వచ్చాయి. 510 టన్నుల స్పెయిన్ బంగారం మాస్కోకు వెళ్ళింది.

సంఘం ఏం చేసింది? సమావేశమైంది. ఇటలీ సోవియట్ మీద, సోవియట్ ఇటలీ మీద ఇచ్చిన ఫిర్యాదులను స్వీకరించింది. ఆధారాలు చాలవంది. ఉపసంఘం వేసింది. నీళ్ళ ట్యాంకు కారుతున్న విషయంలో మా అపార్టుమెంటు సంఘం అనుసరిస్తున్న పద్ధతి ఇదే. దీనికి ఇంతటి అంతర్జాతీయ పూర్వచరిత్ర ఉందని తెలియక ఇన్నాళ్ళూ కార్యదర్శిని నిందించాను.

1937 ఏప్రిల్‌లో సంఘానికి చురుకు పుట్టింది. స్పెయిన్‌కు ఆయుధాలు చేరకుండా తీరం మొత్తం కాపలా కాయాలని తీర్మానించి, నాలుగు నౌకాదళాలకు తలా ఒక ముక్క పంచింది. గణతంత్రం చేతిలో ఉన్న మధ్యధరా తీరానికి కాపలాదారులు ఎవరనుకున్నారు? జర్మనీ, ఇటలీ. అదే నెల 26న గెర్నికా పట్టణం మీద బాంబులు కురిపించిన విమానాలు కూడా జర్మనీవి, ఇటలీవి. ఈ వాక్యం దగ్గర నాకు వ్యంగ్యం చేతకాదు, ముందుకు వెళుతున్నాను.

ఆ ఏడాది వేసవిలో మధ్యధరా సముద్రంలో 'గుర్తు తెలియని జలాంతర్గాములు' గణతంత్రానికి సరుకు తెచ్చే ఓడలను ముంచసాగాయి. అవి ఎవరివో అందరికీ తెలుసు. తెలిసినది పైకి చెబితే యుద్ధమవుతుంది కనుక ఎవరికీ తెలియదు. సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని నియాన్‌లో సమావేశమై, ఆ అజ్ఞాత సముద్రపు దొంగలను పట్టడానికి గస్తీ ఏర్పాటు చేశారు. ఇటలీ ఆ సమావేశానికి రాలేదు. పిలుపు అందినా, సోవియట్ యూనియన్ తనను వేలెత్తి చూపిందని అలిగింది. ఆ నెల గడవకముందే బుజ్జగించి దానికీ గస్తీ తిరగడానికి ఒక సముద్ర భాగం కేటాయించారు. ముంచుతున్న జలాంతర్గాములు ఇటలీవే. ఈ సంఘానికి జోక్య సంఘమని పేరు పెట్టి ఉంటే సరిపోయేదని అందులో జర్మనీ ప్రతినిధిగా కూర్చున్న రిబెన్‌ట్రాప్ తరువాత తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. నాజీలలో నాకు నచ్చిన ఏకైక వాక్యం అది. ఎవరూ జోక్యం చేసుకోని ఆ యుద్ధంలో, ఎవరివో తెలియని బాంబులు రాత్రుళ్ళు పడుతుండగా, 1938 జూన్‌లో నెహ్రూ బార్సిలోనాలో అయిదు రోజులు ఉండి వచ్చారు. 1939లో ఫ్రాంకో గెలిచాక సంఘం తనను తాను రద్దు చేసుకుంది. స్పెయిన్ యుద్ధం యూరప్ అంతా పాకకుండా విజయవంతంగా కాపాడిన అయిదు నెలలకే, అసలు ప్రపంచ యుద్ధం వేరే దారిన వచ్చింది.

ఉత్తరం వైపు చైనా, సోవియట్, దక్షిణం వైపు అమెరికా నిలిచిన కొరియా యుద్ధం గురించి రెండే మాటలు. 1950 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ 'మేము యుద్ధంలో లేము' అన్నారు. అయితే పోలీసు చర్య అనవచ్చా అని విలేకరి అడిగితే సరిగ్గా అదే అన్నారు. చైనా పంపినవారు 'ప్రజా స్వచ్ఛంద సైనికులు', లక్షల్లో. సోవియట్ పైలట్లకు చైనా దుస్తులు తొడిగి, రేడియోలో రష్యన్ మాట్లాడవద్దని ఆదేశించారు. కానీ వెనక నుంచి గుండ్లు వస్తుంటే ఎవడైనా తిట్టేది మాతృభాషలోనే కదా. ఆ తిట్లు అమెరికావారికి శుభ్రంగా వినిపించాయి. బయటపెడితే రష్యాతో యుద్ధం చేయాలని ప్రజలు పట్టుబడతారని వారూ నోరు మెదపలేదు. చూశారా, ఉభయుల సహకారం లేనిదే ఎవరూ యుద్ధంలో లేకుండా ఉండలేరు.

మన సంగతి చెప్పకపోతే మాస్టారు ఊరుకోరు. మనం తటస్థులం. 'ఇది యుద్ధాల యుగం కాదు' అని 2022 సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో ప్రధాని మోదీ పుతిన్‌కు ముఖాముఖి చెప్పారు, మంచి మాట. యుద్ధానికి ముందు మనం కొనే ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు, తరువాత మూడో వంతు దాటింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్ట ముట్టించుకోవడానికి నిప్పు అడిగిన సామెత మన భాషలో ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసింది. మనల్ని అనే అర్హత యూరప్‌కు ఉందా అంటే, మన నెలంతా కొనే చమురు వారు ఒక్క మధ్యాహ్నం కొనేదాని కంటే తక్కువని విదేశాంగ మంత్రి జైశంకర్ 2022లోనే జవాబు చెప్పారు. ఆపై వారు రష్యా చమురు ముట్టుకోబోమని శపథం పట్టి, మన శుద్ధి కర్మాగారాలలో అదే చమురు డీజిలుగా మారాక కొనుక్కున్నారు. గంగలో మునిగితే పాపాలు పోతాయంటారు. జామ్‌నగర్‌లో మరిగిస్తే జన్మస్థలమే పోతుంది. ఇక మా ఇంటి వరకు యుద్ధంలోకి దిగింది పొద్దుతిరుగుడు నూనె. ఆ నూనె మనకు ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. 2022 వేసవిలో లీటరు ధర చూసి మా ఆవిడ వడియాలు వేయించడం మీద ఆంక్షలు విధించింది. నేను వీటో చేయలేకపోయాను.

ఇదంతా వివరించి, కనుక పెద్ద దేశాలు దిగుతాయేమోనన్న బెంగ దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్క మొరగడం లాంటిదని తేల్చాను. మాస్టారు కొంతసేపు ఆలోచించారు. "అయితే ఎవరూ లాగబడలేదంటారు" అన్నారు. ఆయన నోటనే 'బడు' వచ్చింది.

అప్పుడు 2022 నవంబరు 15 రాత్రి గుర్తుకు వచ్చింది. ఉక్రెయిన్ సరిహద్దుకు దగ్గరలో, పోలండ్‌లోని ప్షెవోదుఫ్ అనే పల్లెలో ధాన్యం ఆరబెట్టే చోట ఒక క్షిపణి పడి ఇద్దరు మరణించారు. పోలండ్ నాటో సభ్య దేశం. అది రష్యా క్షిపణి అయితే కూటమి అంతా దిగాలా అని ఆ రాత్రి ప్రపంచం నిద్రపోలేదు. తెల్లవారాక, అది రష్యా దాడిని అడ్డుకోవడానికి ఉక్రెయిన్ ప్రయోగించినదే కావచ్చని తేలింది. హమ్మయ్య, ఎవరూ యుద్ధంలోకి దిగనక్కరలేదు. ఆ ఇద్దరి సంగతి అంతటితో వార్తల్లోంచి పోయింది.

ఇంకొకటి మనకు దగ్గరిది. సైన్యంలో పోరాడే పని కాదు, సహాయకుల పనే, జీతం బాగుంటుంది అని దళారులు చెబితే నమ్మి మన దేశం నుంచి కుర్రవాళ్ళు రష్యాకు వెళ్ళారు. తెలంగాణ వాళ్ళూ ఉన్నారు. రష్యన్ భాషలో ఉన్న ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, కొద్దిరోజుల శిక్షణ తరువాత ముందు వరుసకు తోలారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడు ఒకరు అక్కడ చనిపోయారని మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. సీబీఐ కేసు పెట్టింది. ఆ ఏడాది జులైలో ప్రధాని ఈ విషయం పుతిన్‌తో ప్రస్తావించారు.

"ఆ పిల్లలు లాగబడ్డారు మాస్టారూ" అన్నాను.

ఆయన ఈసారి నా వాక్యాన్ని దిద్దలేదు. చేతికర్రతో నేల మీద ఏదో గీస్తూ, తన పాత విద్యార్థి కొడుకు ఒకడు విదేశానికి బయలుదేరుతున్నాడని చెప్పారు. రష్యా కాదట, వేరే దేశమట. గిడ్డంగిలో పని. అనుభవం అక్కరలేదు, వీసా ఖర్చులు వాళ్ళవే. నిన్ననే వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళాడట.

"కాగితాలు ఏ భాషలో ఉన్నాయో అడిగారా?" అన్నాను.

ఏడుంబావు దాటింది. మిగతా ఇద్దరూ ఇడ్లీల వైపు కదిలారు. మాస్టారు జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు సవరించుకుని, ఆ కుర్రవాడి నంబరు కోసం వెతకడం మొదలుపెట్టారు.